అక్క వేసిన ఓటు

ఆర్విల్, నెబ్రాస్కా
నవంబరు 19, 2006

లీలండ్‌కి,

ప్రతినిధుల సభకి మళ్లీ గెలిచావు, సంతోషం. కానీ పోయినసారి నూటికి అరవై ఆరు ఓట్లు తెచ్చుకున్నవాడివి ఈసారి యాభై రెండుతో గట్టెక్కావు. వాషింగ్టన్‌లో సభలు రెండూ మన పార్టీ చేజారిపోయాయి. ఫోనులో మాట్లాడుకుంటే మనిద్దరం అరుచుకుంటాం. నీ ఆఫీసుకి రాస్తే నీకంటే ముందు నీ సిబ్బంది చదువుతారు. అందుకే ఇంటి చిరునామాకి రాస్తున్నాను. నువ్వూ చేత్తోనే రాయి.

నిన్న మాజీ సైనికుల లీజియన్ హాల్లో మన పార్టీ కౌంటీ కమిటీ కూర్చుంది. నేను కాక ఇరవై ఇద్దరు సభ్యులూ వచ్చారు. ఎందుకు ఓడామన్నదే చర్చ. అధ్యక్షురాలిగా నేను నోరు తెరిచేలోపే మైలో పెషెక్ లేచాడు. ఎనభై రెండేళ్లొచ్చినా ఆ గొంతు తగ్గలేదు.

"ఇంకో దేశాన్ని కట్టివ్వడం మన పని కాదని చెప్పి ఓట్లడిగింది మనమే కదమ్మాయ్! ఇప్పుడేమో ఇరాక్‌లో బడులు కడుతున్నాం. ఇక్కడ మన బడి మూసేసి పిల్లల్ని ముప్పై మైళ్లు బస్సులో తోలుతున్నాం. ఇదేనా మన పార్టీ?"

ఇన్సూరెన్సు ఆఫీసు డ్వైట్ హానెమన్ ఊరుకుంటాడా? "మధ్యలో వదిలేసి వస్తే వాళ్లు మన వెనకాలే వస్తారు మైలో గారూ."

"ఎవరొస్తారయ్యా, ఆర్విల్‌కా? దారి కనుక్కోగలిగితే రమ్మను. మొక్కజొన్న కోతకి మనుషులు దొరక్క చస్తున్నాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా కొడుకు డెరిల్ ఏప్రిల్ నుంచీ అక్కడే ట్రక్కుల వరస ముందు బండి నడుపుతున్నాడు. వాడు చేస్తున్నది పనికిరాని పని అని నా ఎదురుగా అంటే నవ్వి ఊరుకోవాల్సి వచ్చింది.

డెబ్భై అయిదులో మన చర్చి తీసుకొచ్చిన ట్రాన్ గారి కుటుంబం నీకు గుర్తుందిగా. పద్నాలుగు నెలలు మా మేడమీద ఉన్నారు. ఆయన తమ్ముడు సైగాన్‌లో మన సైన్యానికి దుబాసీగా పనిచేసి, మనం వచ్చేశాక అక్కడే చిక్కుకుపోయాడు. ట్రాన్ గారు వారం వారం పోస్టాఫీసుకి నడిచివెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చేవారు. తలుపు తీసేదాన్ని నేనే. మనల్ని నమ్మినవాళ్లని వదిలేసి రావడమంటే ఏమిటో నాకు తెలుసు.

పార్టీలో ఎవరు ఊగినా ఊగనీ. నువ్వు ఊగకు.

అక్క ఆర్లీన్

*

వాషింగ్టన్
డిసెంబరు 3, 2006

అక్కా,

ఊగకు అన్నావు. ఇక్కడ నిలబడి ఉన్నవాళ్లెవరో చెప్పు, వెళ్లి వాళ్ల పక్కన నిలబడతాను. మైకు ముందు ఒక మాట, మెట్లు దిగుతూ ఇంకో మాట. మొన్న దక్షిణాది నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యేసి, "యుద్ధంతో నిలబడితే జనం ఓడిస్తారు లీలండ్, నిలబడకపోతే మనవాళ్లే ఓడిస్తారు. ఎవరి చేతిలో పోవాలనుందో నువ్వే చూసుకో" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా సభలో ఉన్న మనిషి. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ కళ్లలో నవ్వు లేదు.

సైనికాసుపత్రికి వెళ్లాను. మన పక్క కౌంటీ సైనికుడొకడు రెండు కాళ్లూ పోగొట్టుకుని పడుకున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక ఫుట్‌బాల్ మాట ఎత్తాను. పాపం, నాకు ఇబ్బందిగా ఉందని కనిపెట్టి తనే ఆ కబుర్లు సాగదీశాడు. వాళ్లమ్మ వరండాలోకి వచ్చి, "ఇంకా ఎన్నాళ్లండీ?" అంది. కొడుకు ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉండాలనో, యుద్ధం ఎన్నాళ్లు సాగుతుందనో, ఏది అడిగిందో నాకు అర్థం కాలేదు.

ట్రాన్ గారిని నేనూ మరిచిపోలేదు. అయితే అంతకుముందు పదేళ్లపాటు ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అని మన పిల్లల్ని పంపినవాళ్లనీ మరిచిపోలేదు.

డెరిల్ నీకేం చెబుతున్నాడు? పూర్తిగా రాయి.

లీలండ్

*

ఆర్విల్
జనవరి 14, 2007

తమ్ముడూ,

మంచు తుఫానుకి పన్నెండు రోజులు కరెంటు లేదు. రోడ్డు పొడుగునా స్తంభాలు వరసగా పడిపోయాయి. మైలో కట్టెల పొయ్యి మీద సూపు కాచి అందరికీ పంచుతూ, "మన రాష్ట్ర నేషనల్ గార్డు సైనికుల ట్రక్కులేవమ్మాయ్? మన జనరేటర్లేవీ? ఓహో, సముద్రాలవతల ఉన్నాయి కదూ!" అని నన్ను పొడుస్తూనే ఉన్నాడు. సూపు తాగుతూ ఆయనతో ఏం వాదిస్తాను?

కరెంటు వచ్చాక టీవీ పెడితే మన పార్టీ మనిషే అయిన దేశాధ్యక్షుడు ఇంకో ఇరవై వేల మందిని పంపుతానని చెబుతున్నాడు. మర్నాడే డెరిల్ ఉన్న గార్డు దళానికి ఇంకో నాలుగు నెలలు పొడిగించారని కబురొచ్చింది. కోడలు ట్రిష్ నా వంటింట్లో గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "అత్తయ్యా, ఏప్రిల్ కల్లా వస్తాడని పిల్లకి కేలెండరు మీద గీతలు పెట్టించాను. ఇప్పుడేం చెప్పమంటారు?" అంది. కొత్త కేలెండరు కొందామన్నాను. నేనన్నది మంచి మాట కాదని అన్నాక తెలిసింది.

క్రిస్మస్ రోజు డెరిల్ ఫోను చేశాడు. బాగున్నానన్నాడు. లైను సరిగా లేక తొందరగా పెట్టేశాం. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. అంతకు మించి ఏం లేదు.

ఇక అసలు విషయం. సభలో అదనపు బలగాలకి వ్యతిరేకంగా తీర్మానం పెడతారట, మనవాళ్లు కొందరు దానికి ఓటేస్తారట. అందులో నీ పేరు ఉందని డ్వైట్ ఎక్కడో విన్నాడు. "ఆర్లీన్ గారూ, మీ తమ్ముడు గారి సంగతి మీరే చెప్పాలి" అని అందరి ముందూ అడిగాడు. మా తమ్ముడు అలాంటివాడు కాదని చెప్పాను. మాటిచ్చాను లీలండ్. వినపడుతోందా?

ఆర్లీన్

*

వాషింగ్టన్
ఫిబ్రవరి 12, 2007

అక్కా,

నన్నడగకుండా నా తరఫున మాటిచ్చావు. శుక్రవారం ఓటు. తీర్మానానికి అనుకూలంగా, అంటే అధ్యక్షుడికి వ్యతిరేకంగా వేస్తున్నాను. ఎవరో చెప్పగా నీకు తెలియకూడదనే ముందుగా రాస్తున్నాను.

నాన్న బతికున్న రోజుల్లో మన ఇంట్లో కన్సర్వేటివ్ అంటే ప్రభుత్వం చెయ్యి పొట్టిగా ఉండాలనేవాడు. ఆర్విల్‌లో బడి నడపడం చేతకాని ప్రభుత్వానికి బాగ్దాద్‌లో పేటలు సర్దడం చేతనవుతుందని నేనెలా నమ్మాను? ఈ యుద్ధం కోసం మనం మిగతావన్నీ వదిలేసుకున్నాం. ఖర్చు పెరిగినా నోరెత్తలేదు, మనం చెప్పుకున్న సూత్రాలేవీ నిలబెట్టుకోలేదు. జనం మనల్ని ఓడించింది అందుకే.

ఇంకొకటి ఉంది. ఇంతవరకూ నా భార్యకి కూడా చెప్పలేదు. 2002లో యుద్ధానికి ఓటేసే ముందు, ఇరాక్ ఆయుధాల సంగతి మీద రహస్య నివేదిక ఒకటి కింది గదిలో పెట్టారు. సభ్యులెవరైనా వెళ్లి చదువుకోవచ్చు. నా ఆఫీసు నుంచి రెండంతస్తులు దిగాలి, అంతే. ఆ మధ్యాహ్నం గోధుమ రైతుల సంఘంతో భోజనం ఉండింది. రేపు చూద్దామనుకున్నాను. మర్నాడు ఇంకేదో. చదవకుండానే ఓటేశాను అక్కా. చదివినా అలాగే వేసేవాణ్ణేమో, తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను కూర్చోనివ్వడం లేదు. ఆఫీసులో అటూ ఇటూ తిరుగుతూ ఉంటే నా కార్యదర్శి తివాచీ అరిగిపోతుందంటోంది.

రెండోసారి కూడా భోజనానికి పోయి ఓటెయ్యలేను.

లీలండ్

*

ఆర్విల్
మార్చి 4, 2007

లీలండ్,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఓటు శుక్రవారం అయిపోయింది. ధాన్యం గిడ్డంగి దగ్గర తూకం వేయిస్తుంటే డ్వైట్ రేడియో పెద్దది చేశాడు. నీ పేరు చదివారు. అక్కడున్న తొమ్మిదిమందీ తలలు తిప్పి నన్నే చూశారు.

నిన్న కమిటీ కూర్చుంది. నిన్ను అభిశంసిస్తూ డ్వైట్ తీర్మానం పెట్టాడు. నువ్వు సైనికుల వెన్నులో పొడిచావని అందులో ఉంటే, ఆ మాట కొట్టేస్తేనే చర్చకి పెడతానన్నాను. కొట్టేశాడు. రెండు గంటలు అరుచుకున్నారు. మైలో అయితే బల్ల మీద గుద్దాడు. "అతనొక్కడే మన పార్టీ మాట నిలబెట్టాడు! అభిశంసించాల్సి వస్తే మిగతా అందర్నీ అభిశంసించండి!"

"మన సార్జంటు డెరిల్ వాళ్లమ్మ ముందా ఈ మాటలు?" అన్నాడు డ్వైట్.

"ఆ కుర్రాణ్ణి అడ్డం పెట్టుకోకు. చేతనైతే నువ్వే మాట్లాడు."

చేతులు లెక్కపెట్టాం. పదకొండు, పదకొండు. సమానమైతే అధ్యక్షురాలు ఓటెయ్యాలని నిబంధన. కాఫీ యంత్రం బుడబుడ వినిపించింది. అమ్మ ఏమనేదో అనుకున్నాను, ట్రాన్ గారు గుర్తొచ్చారు, డెరిల్ గుర్తొచ్చాడు.

అభిశంసనకే వేశాను.

నేను చెప్పకపోయినా నీకు తెలుస్తుంది. నీ రెండంతస్తుల మెట్ల సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కానీ చదవకుండా డెరిల్‌ని అక్కడికి పంపి, వాడింకా అక్కడుండగానే ఆ పని తప్పంటావా? ముందు పంపిన చెయ్యీ నీదే, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్న చెయ్యీ నీదే.

వచ్చే నెల పార్టీ విందుకి రాకు. కుర్చీ వెయ్యను.

ఆర్లీన్

*

వాషింగ్టన్
మార్చి 20, 2007

అక్కా,

నువ్వు రాసిందాంట్లో కాదనడానికి ఏమీ లేదు. విందుకి రాను.

ఇక్కడ ఉత్తరాలు బస్తాల్లో వస్తున్నాయి. సగం మంది ద్రోహి అంటున్నారు. ఒకాయన పార్శిల్‌లో రబ్బరు కోడిని పంపాడు. మెడలో నా పేరు కట్టి ఉంది. పిరికివాణ్ణని కాబోలు. నా కార్యదర్శి దాన్ని కిటికీలో కూర్చోబెట్టింది. డ్వైట్ వచ్చే ఏడాది పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలో నా మీద నిలబడతాడని విన్నాను. నిలబడనీ.

డెరిల్ జాగ్రత్త అని రాయబోయి ఆగాను. నేను రాయదగ్గ మాట కాదు.

లీలండ్

*

ఆర్విల్
సెప్టెంబరు 16, 2007

లీలండ్,

ఆరు నెలలైంది నీకు రాసి. డెరిల్ వచ్చాడు. చేతులూ కాళ్లూ అన్నీ ఉన్నాయి, దేవుడి దయ. గార్డు ఆవరణలో బ్యాండు మేళం పెట్టారు. డ్వైట్ వాడితో ఫోటో దిగాడు. పిల్ల మొదట్లో వాడి దగ్గరికి పోలేదు. ఇప్పుడు చంక దిగడం లేదు.

వాడు మాట్లాడడం మాత్రం మానేశాడు. మొన్న మధ్యాహ్నం షెడ్డులో కోతయంత్రానికి గ్రీజు పెడుతుంటే వెళ్లి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"మామయ్య చేసిన పనికి నీకు కోపంగా ఉందా?" అన్నాను.

వాడు గ్రీజు తుపాకి కింద పెట్టాడు. "మామయ్యకి అక్కడి సంగతులు రాసింది నేనేనమ్మా. మూడు ఉత్తరాలు. నీకు చెప్పొద్దన్నాను."

మూడు ఉత్తరాలు నీ దగ్గర పెట్టుకుని, నేనలా రాస్తే ఒక్క మాట అనకుండా "కాదనడానికి ఏమీ లేదు" అంటావా! 'నీ కొడుకే చెప్పాడు' అని ఒక్క ముక్క రాసుంటే నా నోరు మూతపడేది కదా.

ఇప్పుడు నా సంగతి విను. క్రిస్మస్ ఫోనులో లైను బాగానే ఉంది. వాడు, "అమ్మా, ఇక్కడ మేమేం చేస్తున్నామో నాకు అర్థం కావట్లేదు" అన్నాడు. నేను, "ఫోనులో అలాంటివి అనకూడదు, ట్రిష్‌కి ఇస్తున్నా" అని ఫోను పక్కకిచ్చేశాను. ఇరవై సెకన్లు కూడా వినలేదు. లీజియన్ హాల్లో చెయ్యెత్తినప్పుడు ఆ మాట నా చెవిలోనే ఉంది. విననట్టు వేశాను.

ఇదంతా చెప్పి నేను మారిపోయానని అనుకోకు. అదనపు బలగాలు వెళ్లాక అక్కడ చావులు తగ్గుతున్నాయని పేపర్లలో వస్తోంది. నేను చెప్పిందే జరుగుతోంది కదా అని నీకు రాయాలని ఎన్నిసార్లు కలం తీశానో. డెరిల్‌తో అంటే, "తగ్గుండొచ్చమ్మా" అని మళ్లీ గ్రీజు తుపాకి అందుకున్నాడు.

ఆర్లీన్

*

వాషింగ్టన్
అక్టోబరు 2, 2007

అక్కా,

తగ్గాయి. నిజమే. ఆ అంకెలు నాకూ వస్తాయి, వారం వారం చూస్తాను. చావులు తగ్గితే సంతోషించకుండా నా మాట తప్పైందే అని ఒక్క క్షణం అనిపిస్తుంది చూడు, అప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నా ఓటు వెనక్కి తీసుకోను. కానీ వేసిన రోజున్నంత నిబ్బరం ఇప్పుడు లేదు.

వాడి మొదటి ఉత్తరం నాకు నోటికొచ్చు. "మామయ్యా, మేం తోలే ట్రక్కుల్లో సగం మా తిండీ మా డీజిలే. మమ్మల్ని ఇక్కడ ఉంచడానికే మేం ఇక్కడున్నాం. అమ్మకి చెప్పకు. నేనేదో కాపాడుతున్నానని ఆవిడకి ఉండాలి." చివర రాసింది ఇదీ: "నా కోసం అటూ ఓటెయ్యకు, ఇటూ ఓటెయ్యకు. నీకు సరైందనిపించింది చెయ్యి."

ఓటు రోజున ఆ కాగితం నా కోటు జేబులో ఉంది. సభలో చదివుంటే దేశమంతా టీవీల్లో వచ్చేది, డ్వైట్ లాంటివాళ్ల నోళ్లు మూతపడేవి. రెండుసార్లు జేబులో చెయ్యి పెట్టాను. వాడు నన్ను నమ్మి రాశాడు, సాక్ష్యం చెప్పడానికి కాదు.

ఆ ఇరవై సెకన్ల సంగతి వాడికి చెప్పావా? చెప్పు.

లీలండ్

*

ఆర్విల్
ఏప్రిల్ 27, 2008

లీలండ్,

డ్వైట్ ఇంటింటికీ కార్డులు పంచాడు. యూనిఫారంలో డెరిల్, పక్కన డ్వైట్. వాడు తిరిగొచ్చిన రోజు దిగిన ఫోటో అది. కింద పెద్ద అక్షరాలతో 'ఈ సైనికుడి కన్నతల్లే లీలండ్ వోండ్రాని అభిశంసించింది' అని అచ్చువేయించాడు.

కార్డు పట్టుకుని డ్వైట్ ఆఫీసుకి వెళ్లాను.

"ఇది ఆపు డ్వైట్."

"అబద్ధం ఏముందండీ ఇందులో? మీరు ఓటేశారా లేదా?"

"వేశాను. నా కొడుకు నీ కార్డుకి ఒప్పుకున్నాడా?"

"అతను ఫోటోకి నిలబడ్డాడు కదా. ఆర్లీన్ గారూ, మీరు మా వైపే అనుకున్నాను."

"యుద్ధం విషయంలో నీ వైపే. ఈ కార్డు విషయంలో కాదు."

ఆపనన్నాడు. అదే రోజు మన ఊరి వారపత్రికకి ఉత్తరం రాశాను. ముందు డెరిల్‌కి చదివి వినిపించాను. క్రిస్మస్ ఫోను సంగతి వాడికి మొదటిసారి చెప్పింది అప్పుడే. "నాకు తెలుసమ్మా, లైను బాగానే ఉందని" అన్నాడు. "పత్రికలో వేయించు" అన్నాడు.

పత్రికలో వచ్చింది ఇదీ: అభిశంసనకి ఓటేసింది నేనే. యుద్ధాన్ని మధ్యలో వదలకూడదని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ నా కొడుకు అక్కడ చూసింది నాకు చెప్పబోతే నేను విననన్నాను. మా తమ్ముడు విన్నాడు. ఎవరి మాట వాళ్లు చెప్పుకోండి, నా కొడుకు ముఖం మీద మాత్రం రాయకండి.

సోమవారం కమిటీ నన్ను దించేసింది. పదిహేడు మంది దించమన్నారు. మైలో వద్దన్నవాళ్లలో ఉన్నాడు. బయటికొస్తూ, "యుద్ధం గురించి నువ్వు రాసింది శుద్ధ తప్పు అమ్మాయ్" అని నాకు కోటు తొడిగాడు. ఇరవై ఆరేళ్లు చేసిన పని, గంటలో పోయింది. ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తెలియక ఉన్న కిటికీలన్నీ కడిగాను.

ఆర్లీన్

*

ఆర్విల్
మే 14, 2008

తమ్ముడూ,

రాత్రి నువ్వు ఫోనెత్తలేదు, అందుకే రాస్తున్నాను. నియోజకవర్గం మొత్తం మీద రెండువేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయావని నీకు తెలుసు. డ్వైట్ హోటల్లో విజయోత్సవం చేసుకున్నాడు. నవంబరులో అతను గెలుస్తాడో లేదో చూడాలి. మన ఓటర్లు సగం మంది విసిగిపోయి ఇళ్లలోనే కూర్చున్నారు.

కౌంటీల వారీ లెక్కలు నువ్వు చూసి ఉండవు. ఈ ఉదయం కోర్టు భవనం తలుపు మీద అంటించారు. పదమూడు కౌంటీల్లో పన్నెండు పోయాయి. ఆర్విల్ ఉన్న మన కౌంటీ ఒక్కటే నీకు వచ్చింది. నిన్ను అభిశంసించిన కౌంటీ. పందొమ్మిది ఓట్ల తేడా. నమ్మలేక కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. పక్కనే నిలబడ్డ మైలో వేలు పెట్టి అంకె కింద గీత గీస్తూ, "ఇది నాదే" అన్నాడు, ఆ పందొమ్మిదీ తనే వేసినట్టు.

పోలింగుకి డెరిల్, ట్రిష్, నేను ఒకే కారులో వెళ్లాం. పక్కపక్క అరల్లో నిలబడ్డాం. నేను బయటికి రావడానికి ఆలస్యమైంది. పెన్సిలు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. కౌంటరు దగ్గరి అమ్మాయి, "ఆర్లీన్ గారూ, బాగానే ఉన్నారా?" అని కూడా అడిగింది.

కారులో డెరిల్ మాత్రం, "ఎవరికి వేశావమ్మా?" అన్నాడు.

చెప్పలేదు. నీకూ చెప్పను.

అక్క